పది ఇళ్ల పళ్లు, ఒక గానుగ

ఇంగ్లీషు నవలలను తెలుగు చేసేవారికి 'సైడర్' అనే మాట ఎదురైనప్పుడల్లా కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆపిల్ సారా అందామంటే అది బట్టీ పెట్టి దించినది కాదు. పళ్లరసం అందామంటే, అమెరికాలో ఆ అర్థం చెల్లుతుంది గాని బ్రిటనులో సైడర్ అంటే పులిసిన రసమే. పూర్వపు పద్ధతిలో దానికి ఏ మందూ కలిపేవారు కారు; పండునూ గానుగనూ అంటిపెట్టుకొని ఉండే సూక్ష్మజీవుల వల్ల అది తనంత తానే పులుస్తుంది. ఆ లెక్కన మన కల్లుకు దగ్గరి చుట్టం. అయితే గీత కార్మికుడు తాడెక్కేది ఒంటరిగానే. సైడర్ తయారీ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

నైరుతి ఇంగ్లండులోని సోమర్సెట్, డెవన్ ప్రాంతాలూ, వేల్స్ సరిహద్దునున్న హెరిఫర్డ్‌షైరూ ఈ పానీయానికి ప్రసిద్ధి. అందుకు పెంచే ఆపిళ్లలో చాలా రకాలు కొరికితే వగరుకు నోరు పట్టేస్తుంది. ఆకురాలు కాలంలో కొద్ది వారాలలోనే బస్తాలకు బస్తాలు రాలిపడతాయి. పొడవాటి గడలతో కొమ్మలు దులిపి, ఆడవాళ్లూ పిల్లలూ వాటిని ఏరి, కుప్పలు పోసి మాగనిచ్చేవారు. గుండ్రని రాతి తొట్టిలో గుర్రం రాతి చక్రాన్ని లాగుతూ ఉంటే పళ్లు నలిగి ముద్దయ్యేవి. ఆ ముద్దను కొన్నిచోట్ల గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డలలో, కొన్నిచోట్ల గడ్డి పొరల నడుమ పరచి, దొంతరగా పేర్చి, పైనుంచి మర బిగించేవారు. కారిన రసం పీపాలకెక్కి, చలికాలమంతా పులిసి, వసంతానికి తయారయ్యేది.

ఇంత సరంజామా ఇంటింటా ఎక్కడినుంచి వస్తుంది? గానుగ ఉన్నవారి వాకిట లేనివారు చేరేవారు. లేదా గానుగే ఊరూరా తిరిగేది. థామస్ హార్డీ 1887లో వెలువరించిన 'ద వుడ్‌లాండర్స్' నవలలో గైల్స్ వింటర్‌బోర్న్ అలా గానుగతో తిరిగేవాడే. అభిమానం పొంచి ఉన్న చూపుతో హార్డీ అతణ్ణి చిత్రించాడు.

అంతమాత్రాన ఆ వాకిళ్లను స్వర్గమనుకోనక్కరలేదు. పొలంపనివారి కూలిలో కొంతభాగాన్ని సైడర్‌గా కొలిచి ఇవ్వడం అక్కడి ఆచారం. పెనిమిటి పొలంలోనే తాగివచ్చిన కూలితో ఇల్లాలు రొట్టె కొనలేదు గదా! కూలి కింద మద్యం ఇవ్వరాదని చట్టం వచ్చినది కూడా ఆ 1887లోనే. అంతకు ముందు శతాబ్దంలో డెవన్‌లో కడుపునొప్పితో మొదలై కాళ్లూ చేతులూ చచ్చుబడే రోగమొకటి ప్రబలింది. గానుగలలో వాడిన సీసమే అందుకు మూలమని జార్జ్ బేకర్ అనే వైద్యుడు 1767లో నిరూపించాడు. ఆయన డెవన్‌లో పుట్టినవాడే. అయినా స్వస్థలంవారే ఆయనపై మండిపడ్డారు. కలిసి తాగే పాత్రను తప్పుపట్టినవాణ్ణి ఏ ఊరు మాత్రం సులభంగా క్షమిస్తుంది?

మళ్లీ 1887: హెరిఫర్డ్‌లో పెర్సీ బుల్మర్ తన సైడర్ వ్యాపారం ఆరంభించిన సంవత్సరం అది. అది పెరిగి పెద్ద కర్మాగారమైంది. క్రమంగా రైతు పళ్లను లారీకెక్కించి చేతులు దులుపుకోగలిగాడు. వాకిట్లో గానుగతో పనిలేకపోయింది, దానితోపాటు పొరుగువాడితోనూ. ఇరవయ్యో శతాబ్దంలో పాత తోటలెన్నో నేలమట్టమైనాయి.

ఈ నష్టాన్ని గుర్తించిన 'కామన్ గ్రౌండ్' అనే సంస్థ 1990 అక్టోబరు 21న లండనులోని కోవెంట్ గార్డెన్‌లో తొలి ఆపిల్ దినోత్సవం జరిపింది. నేడు చాలా ఊళ్లలో ఆ రోజుల్లో పెరటిచెట్ల పళ్లను సంచులకెత్తి ఒక్కచోటికి తెస్తున్నారు. దుకాణంలో సీసా కొనుక్కోగలవారే ఇలా పూనుకొని రావడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అవసరం కూర్చిన బంధం, ముచ్చటపడి కూర్చుకున్న బంధం ఒక్కటి కావని వాదించవచ్చు. కాని పాతకాలపు కూలివాడికి రాననే స్వేచ్ఛ ఉండేది కాదు. వీరికి ఉంది, అయినా వస్తున్నారు. పులియబెట్టని తాజా రసం కనుక పిల్లలకూ పాలు దక్కుతుంది. మర తిప్పడానికి ముందుగా ఎగబడేదీ వాళ్లే; చివరి చుట్టు బిగియక, ఎవరో పెద్దాయన వచ్చి చేయి వేయవలసి వస్తుంది.