పిట్టకూర ఎవరి విద్య?

వేట మాంసం వండుకోవడం రాజుకు విలాసం, వేటగాడికి అనాగరికత. ఒకే పనికి రెండు విలువలు కట్టిన ఘనత మన కులవ్యవస్థది. పన్నెండో శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో వేటనూ మాంసపాకాలనూ వర్ణిస్తే అది పాకశాస్త్ర చరిత్రలో భాగమైంది. పిట్టను పట్టి, వండి, తరతరాలుగా బతికిన యానాదుల, నక్కల, చెంచుల వంట మాత్రం వలస పాలనా కాలపు కులవర్ణన గ్రంథాలలో వింత అలవాటుగా మిగిలిపోయింది.

ఆ వంటలో శాస్త్రం లేదనేవారు మాంసం స్వభావాన్ని ఒకసారి పరిశీలించాలి. అడవికోడి, కముజు, పూరేడు నేలమీద తిరుగుతూ మేత వెతుక్కునే పక్షులు. అలసట ఎరుగని ఆ కాళ్ల కండల్లో కొల్లాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ, ఒంట్లో కొవ్వు తక్కువ. పెద్ద మంట పెడితే రొమ్ము ఎండిపోతుంది, తొడ నమలలేనంత బిరుసెక్కుతుంది. తడి ఆరకుండా మూతపెట్టి సన్నని సెగమీద చాలాసేపు ఉడికిస్తే ఆ పీచే జెలటిన్‌గా కరిగి కూరకు చిక్కదనాన్నిస్తుంది. పచ్చి బొప్పాయి ముద్ద పట్టిస్తే అందులోని పపైన్ మాంసకృత్తులను విడగొడుతుంది. మోతాదు మించితే మాంసం పైపొర పిండిలా అవుతుంది.

ఈ సూత్రాలన్నీ నేను పుస్తకాలలో చదవకముందే నెల్లూరు ప్రాంతపు ఒక యానాది వృద్ధురాలి నోట విన్నాను. వేట నిషిద్ధం కాని రోజుల జ్ఞాపకాలవి. పుంజు కాలి ముల్లు పొడవును బట్టి వయసు తెలుస్తుందని, లేతదయితే నిప్పుల మీద కాల్చవచ్చని, ముదురుదయితే మట్టికుండకే అప్పగించాలని ఆమె చెప్పింది. రొమ్ము ముక్కలు ముందుగా తీసి, తొడలను మరికొంతసేపు సెగమీద ఉంచాలట. కొల్లాజెన్ అన్న మాట ఆమెకు తెలియదు. దాని పనితీరు మాత్రం ఆమె చేతివేళ్లకు తెలుసు. ఆ మాట తెలిసినవారిని శాస్త్రజ్ఞులంటాం, ఆ పని తెలిసినవారిని నిరక్షరాస్యులంటాం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ దరిమిలా అడవి పక్షుల వేట దాదాపు పూర్తిగా నిషిద్ధమైంది. పక్షులు మిగలాలంటే ఆ నిషేధం ఉండవలసిందే. నా ప్రశ్న వేరు. వల లాక్కున్న చేతికి ఈ రాజ్యం ఏమి ఇచ్చింది? 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయినా, సంచార తెగల మనిషి సంచిని చూడగానే కలిగే అనుమానం రద్దు కాలేదు.

ఇంతలో జపాన్ కౌజు అంగట్లోకి వచ్చింది. షెడ్డులో పెరిగి ఐదారు వారాలకే కోతకు వచ్చే ఈ పిట్ట మాంసం లేతది, నిమిషాల్లో వేగుతుంది. హోటళ్లు దానికి షికారు పేర్లు, రాజుల పేర్లు తగిలించి అమ్ముకుంటున్నాయి. షెడ్డు కట్టాలంటే స్థలం కావాలి, అప్పు పుట్టాలి, అప్పు పుట్టాలంటే పట్టా చూపాలి. పిట్టను తరతరాలుగా ఎరిగిన కుటుంబానికి ఈ మూడూ లేవు. అడవిలో పిట్ట ఉన్నప్పుడు వారు నేరస్థులు, షెడ్డులో పిట్ట ఉన్నప్పుడు వారు కూలీలు.

రెండు తెలుగు రాష్ట్రాల షెడ్యూల్డు తెగల జాబితాలలో యానాది, చెంచు, ‘నక్కల, కుర్వికరన్’ పేర్లున్నాయి. జాబితాలో పేరుంటే చాలదు. కౌజు పెంపకానికి స్థలం, రుణం, శిక్షణ ముందుగా ఈ కుటుంబాలకే అందాలి. మన విశ్వవిద్యాలయాల ఆహారశాస్త్ర విభాగాలు వారి వంటను వారి పేరుతోనే నమోదు చేయాలి. విద్యార్థి మిత్రులు ఆహార హక్కును ‘ఏమి తినాలి’ అన్న వాదం దగ్గరే ఆపకుండా, ‘ఎవరు నేర్పారు, ఎవరు సంపాదించారు’ అన్న లెక్క కూడా అడగాలి. ముదురు మాంసాన్ని మెత్తబరచిన విద్య ఆ గుడిసెలది. దానికి దక్కవలసిన పేరూ రాబడీ కూడా ఆ గుడిసెలకే చేరాలి.