ఎండలకు పులిసిన అంబలి

పరిగి ఎండల్లో ఇంటిల్లిపాది దాహమూ తీరుస్తాం, పొయ్యి దగ్గర మనం మాత్రం మంచినీళ్లయినా మరిచిపోతాం, కదూ?

వేల ఏళ్ల కిందటే సుమేరియన్లు బార్లీని పులియబెట్టి బీరు చేసుకునేవారు. మన సీమలో రాగిపిండిని పులియబెట్టి అంబలి కాస్తాం. దీనికి మత్తు లేదు, చలవ ఉంది!

రాత్రి నాలుగు పెద్దచెంచాల రాగిపిండిని గ్లాసు నీళ్లలో కలిపి మూతపెట్టండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండినీళ్లు పోసి, ఉండలు కట్టకుండా కలుపుతూ ఉడికించండి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు కలపండి.

వడదెబ్బకు మాట తడబడి, స్పృహ తప్పుతున్నవారికి మాత్రం ఏదీ తాగించొద్దు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అన్నట్టు, మొదటి గ్లాసు మీరే తాగండి. తర్వాతే మిగతావాళ్లకు!