టీచరుగా వెళ్తే చిన్నతనమా?

ధవళేశ్వరంలో ఓ అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి అమెరికా వెళ్తోందంటే వీధంతా మెచ్చుకుంటుంది. అదే మాల్దీవుల్లో లెక్కలు చెప్పడానికో, ఇథియోపియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికో అంటే మాత్రం, "ఇక్కడ దొరకలేదా తల్లీ?" అని పరామర్శ మొదలవుతుంది. ఆ జాలి చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఏలూరు సి.ఆర్. రెడ్డి కాలేజీలో పాఠాలు చెప్పిన వెల్చేరు నారాయణరావు 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, మూడు దశాబ్దాలకు పైగా అక్కడ తెలుగు చెప్పారు. మన కావ్యాలు ఇంగ్లీషు పాఠకులకు చేరాయంటే అందులో ఆయన కృషి ఎంతో ఉంది. వెళ్ళే పిల్లలకు నేను చెప్పేదొకటే: ఊరందరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అమ్మానాన్నల్ని మాత్రం కూర్చోబెట్టి కాంట్రాక్టు కాగితం తెలుగులో విడమరిచి చెప్పండి. జీతమెంత, ఉండడానికి గది ఎవరిస్తారు, సెలవులెప్పుడు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది, అన్నీ. అమెరికా జె-1 వీసా మీద వెళ్ళే బడి టీచరుకు మొదట 3 ఏళ్ళు, పొడిగించినా మొత్తం 5 ఏళ్ళే. ఆ సంగతి తెలిస్తే "ఇక తిరిగి రాదేమో" అన్న తల్లి బెంగ సగం తీరుతుంది. మిగతా సగానికి వారం వారం ఫోన్లు కావాలి. ధవళేశ్వరం రామపాదాల రేవు దగ్గర ఆపి ఆరా తీసే పెద్దాయనకు, "వెళ్ళొస్తా బాబాయ్" అంటే చాలు.