గోడకు కొట్టిన చిత్రిక

మొన్న వేసవిలో హైదరాబాదులో మా అన్నయ్య వాళ్ళ కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళాం. పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. అందరూ హాల్లో కూర్చున్నాక వదిన నా చెయ్యి పట్టుకుని టీవీ గోడ దగ్గరికి తీసుకెళ్ళి "చూశావా, మావయ్యగారి గుర్తు" అంది.

చూశాను. మా నాన్న పొడుగు చిత్రిక. నల్లతుమ్మ చెక్కతో ఆయన చేత్తో ఆయనే చేసుకున్నది. దానికి మెరిసే వార్నిష్ పూశారు. నడుంలో రెండు బెజ్జాలు వేసి, అడుగుదాకా స్క్రూలు దించి గోడకు బిగించారు. పైనుంచి చిన్న లైటు కూడా పెట్టారు. చూసినవాళ్ళందరూ "అబ్బ, ఎంత బాగుందో" అన్నారు. నేనూ అన్నాను. శుభం జరుగుతున్న ఇంట్లో ఇంకేమంటాం?

విజయవాడ తిరిగొచ్చాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆరోజు అనలేనిదంతా ఇవాళ ఇక్కడ అంటున్నాను. మా వాళ్ళకి కోపం వస్తే రానివ్వండి.

చిత్రిక అంటే ఏమిటో తెలియని వాళ్ళకి ఒక్క మాట. వడ్రంగి చెక్క మీద తోస్తూ నున్నగా చేసే పనిముట్టు. మా ఊళ్ళో తోపడ అని కూడా అనేవాళ్ళు. నేను బి.ఏ. తెలుగు చదివేటప్పుడు మా మేష్టారు ఏ కథ గురించి చెప్పినా "జీవితాన్ని చిత్రిక పట్టాడు రచయిత" అనేవారు. క్లాసులో నలభై మందిమి. అసలు చిత్రిక పట్టడం కళ్ళతో చూసినదాన్ని నేనొక్కదాన్నేనేమో. చిత్రమంటే బొమ్మ కాబట్టి బొమ్మ గీయడమనే అనుకున్నారు మిగతావాళ్ళు. మాట పుస్తకాల్లో పైకొచ్చింది, వస్తువు ఇంట్లో అటకెక్కింది.

చిత్రికల్లో పొట్టివీ ఉంటాయి, పొడుగువీ ఉంటాయి. అందానికి కాదు పొడుగు. వానకి గుంటలు పడ్డ పుంతదారి మీద సైకిలు తొక్కితే ప్రతి గుంటలోకీ దిగి ఎక్కుతుంది కదా. అదే దారి మీద నిచ్చెన పడేస్తే మిట్టల మీద మాత్రమే ఆనుతుంది. పొట్టి చిత్రిక సైకిల్లాంటిది, వంకర చెక్కని వంకరగానే నున్నగా చేస్తుంది. పొడుగుది నిచ్చెనలాంటిది. మిట్టలు తగ్గేదాకా దాని బ్లేడు గుంటని ముట్టదు. మొదట్లో పొట్టు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అంచు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా అయ్యాకే ఒకే పొర తెగకుండా రిబ్బనులా చుట్టుకుంటూ వస్తుంది. చిన్నప్పుడు ఆ రిబ్బన్లు జడలో పెట్టుకుని అమ్మ చేత తిట్లు తినేదాన్ని.

రెండు పలకలు అంటించి వెడల్పు చెయ్యాలంటే ఇదే దిక్కు. నాన్న రెండింటినీ పుస్తకం మూసినట్టు మడిచి, అంచులు రెండూ పక్కపక్కన వచ్చేలా బిగించి ఒకేసారి తోసేవారు. చెయ్యి ఏ కాస్త ఒరిగినా ఒక అంచు ఇటు వాలుతుంది, రెండోది అంతే అటు వాలుతుంది. విప్పి కలిపితే రెండు వాలులూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. తర్వాత ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వాకిలి వెలుతురుకేసి పెట్టి చూసేవారు. సందులోంచి వెలుగు గీత కనిపించిందా, మళ్ళీ మొదలు. మా కృష్ణా డెల్టాలో శ్రావణంలో ఉబ్బిన తలుపు వైశాఖంలో కుంచించుకుంటుంది. ఇక్కడ అతుకు సరిగా లేకపోతే రెండేళ్ళలో నోరు తెరుస్తుంది. మా ఊళ్ళో నాన్న కట్టిన తలుపులు ఇప్పటికీ మూసుకుంటున్నాయి. మేముంటున్న అపార్టుమెంటులో బాత్రూం తలుపు మూడో ఏడే పొరలు పొరలుగా ఊడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పనిముట్టు ప్రాణమంతా దాని అడుగులో ఉంటుంది. అడుగు తిన్నగా ఉంటేనే అది చిత్రిక, లేకపోతే కట్టె. సరిగ్గా ఆ అడుగుకే మా వాళ్ళు బెజ్జాలు పెట్టారు. వీణకి తీగెలు తీసేసి బట్టలారేసుకోడానికి గోడకు కొడితే ఊరుకుంటామా?

మా అన్నయ్య ఒక్కడిదే తప్పని అనడం లేదు. ఎక్కడ చూసినా ఇదే వరస. రుబ్బురోలు తెచ్చి బాల్కనీలో మనీప్లాంటు పెడతారు. ఎడ్లబండి చక్రం హోటలు గుమ్మానికి చేరవేస్తారు. కొండపల్లి బొమ్మని అద్దాల బీరువాలో పెట్టడం న్యాయమే, తెల్లపొణికి చెక్కతో చేసేదే కళ్ళారా చూసుకోడానికి. చిత్రికని చేసింది తొయ్యడానికి. పని చెయ్యగల వస్తువుకి పని లేకుండా చేసి, పైన లైటు పెట్టి, గౌరవించామని చెప్పుకోవడం నాకు మింగుడు పడటం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలోనూ మనం చేస్తున్నది అదేనేమో, ఆ సంగతి ఇంకోసారి.

ఇక పూజ. దసరాకి మా ఇంట్లో నాన్న పనిముట్లన్నీ కడిగి, వరసగా పేర్చి, పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్ళం. మర్నాడు నాన్న చేసే మొదటి పని ఆ పసుపంతా గుడ్డతో తుడిచి నూనె రాయడం. తడి పసుపు ఇనుము మీద ఆరితే తుప్పు పడుతుంది మరి. నాన్న పోయాక పూజ ఉంది, తుడవడం లేదు. ఏడాదికోసారి పెట్టె తెరవడం, తడి చేత్తో బొట్టు పెట్టడం, హారతిచ్చి మూసెయ్యడం. నాలుగేళ్ళకి ఉలులన్నీ ఎర్రబడ్డాయి. మనం పెట్టిన బొట్ల కిందే గుంటలు పడ్డాయి.

అసలు మంట ఇంకొకటుంది. ఆ పెట్టె నాదెందుకు కాలేదు? మన రాష్ట్రంలో ఆడపిల్లకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లాడితో సమానంగా వాటా 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది. దేశం మొత్తానికీ ఆ చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. ఈ విషయంలో ఇరవై ఏళ్ళు ముందున్నాం మనం. నాన్న పోయాక పొలం కాగితాల మీద నా సంతకమూ పెట్టించారు, నా వాటా నాకిచ్చారు. కాదనను. కానీ పనిముట్ల పెట్టె ఏ కాగితంలోనూ లేదు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. అమ్మ కుట్టుమిషను నాకు, నాన్న పెట్టె అన్నయ్యకి. అదేదో ప్రకృతి ధర్మమన్నట్టు జరిగిపోయింది. అన్నయ్య జీవితంలో ఒక్క మేకు కొట్టినవాడు కాదు. నాన్న పక్కన కూర్చుని పలక రెండో కొస పట్టుకున్నది నేను. పొట్టు ఊడ్చింది నేను. బ్లేడు నూరేటప్పుడు రాతి మీద నీళ్ళు చిలకరించింది నేను.

"ఆడపిల్లవి, నీకెందుకే?" అని అప్పట్లో అన్నారంటే అర్థముంది. ఇప్పటికీ అంటున్నారు, అదీ మనవాళ్ళే. మా పక్కింటి పిన్నిగారు "చెయ్యి తెగితే?" అన్నారు. అరవై ఏళ్ళుగా కత్తిపీట ముందు కూర్చుని, నిలబెట్టిన కత్తి మీదికి వంకాయని తోస్తూ, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ తరిగే ఆవిడ ఆ మాటన్నారు! చిత్రిక బ్లేడు చెక్కలోంచి వెంట్రుకవాసి బయటికి ఉంటుంది. కత్తిపీటతో పోలిస్తే అది పసిపిల్ల.

అవతలి వాదన కూడా చెప్పాలి. "నాన్న కష్టం నీకు సరదాగా ఉందా?" అన్నాడు అన్నయ్య ఫోన్లో. ఈ మాటకి మాత్రం నా దగ్గర చురుకైన జవాబు లేదు. నాన్న కుడిభుజం యాభై దాటాక పైకి లేచేది కాదు. "ఈ పెట్టె నాతోనే పోవాలి, మీరు చదువుకోండి" అని ఆయన నోటితో ఆయనే అన్నారు. కూలి కోసం రోజుకి పది గంటలు తోసినాయనకి అది సరదా కాదు. ఇవాళ అడితీలో కరెంటు మిషను మీద పెడితే నిమిషంలో అంచు తీసిస్తారు, ఏ వడ్రంగీ భుజాలు అరగదీసుకోనక్కర్లేదు. మిషను వద్దని నేననను. కానీ పెట్టె తనతో పోవాలన్న మనిషి, చివరి నెలల్లో కూడా వరండాలో కూర్చుని ఆ బ్లేడుని వేలి గోటి మీద ఆనించి పదును చూసుకునేవారు. ఆయన పోవాలనుకున్నది కూలి బతుకే తప్ప పని కాదని నాకనిపిస్తుంది. తప్పుగా అర్థం చేసుకున్నానేమో, అడగడానికి ఆయన లేరు. ఒకటి మాత్రం ఖాయం, టీవీ పక్కన దీపాలంకరణ ఆయన కోరుకోలేదు.

పెట్టె దక్కలేదని ఏడుస్తూ కూర్చోలేదు నేను. రెండేళ్ళ కిందట వన్‌టౌన్‌లో ఒక పాత ఇనుము కొట్లో, పగిలిన ఫ్యాన్ల కింద, తుప్పు పట్టిన ఇనప చిత్రిక కనిపించింది. కొలిస్తే 22 అంగుళాలు. తుప్పు గీకితే రికార్డ్ అన్న పేరు, 07 నంబరు, మేడ్ ఇన్ ఇంగ్లండ్. షెఫీల్డు సరుకు. ఇనప చిత్రికలకి ఈ రూపమిచ్చింది అమెరికాలో లెనార్డ్ బెయిలీ. ఆయన హక్కులు 1869లో స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. వాళ్ళ 7 నంబరు 22 అంగుళాలు, 8 నంబరు 24. షెఫీల్డువాళ్ళూ అదే లెక్కన చేశారు. కొట్టతనికి ఇవేమీ పట్టలేదు, తూకం వేశాడు. మూడున్నర కిలోల పైచిలుకు. నాలుగొందలకి ఇచ్చాడు. మా ఆయన "ఇనుము కొనుక్కొచ్చే ఆడవాళ్ళని నిన్నే చూశా" అన్నారు.

బాగు చెయ్యడానికి కావలసినవన్నీ వంటింట్లోనే ఉన్నాయి. మరలన్నీ విప్పి, రాని వాటికి కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేశాను. బ్లేడుని, చిన్న ఇనప ముక్కల్ని వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టాను. పొద్దున పీచుతో తోమితే తుప్పు నల్లటి బురదలా వదిలింది. వెంటనే వంటసోడా నీళ్ళతో కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి కొబ్బరినూనె రాశాను. ఆలస్యం చేస్తే గంటలో మళ్ళీ తుప్పు తేలుతుంది. మందపాటి అద్దం ముక్క మీద గరుకు కాగితం అంటించి, చిత్రిక అడుగంతా పెన్సిలు గీతలు గీసి రుద్దాను. గీతలు ఎక్కడ చెరిగితే అక్కడ మిట్ట. నోటి దగ్గరి గీతలు అన్నిటికన్నా ఆలస్యంగా చెరిగాయి, నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. సీరియల్ చూసే టైమే అది, కొత్తగా తెచ్చుకున్నదేం కాదు. పదును పెట్టడంలో మాత్రం నాన్న చెయ్యి నాకు రాలేదు. బ్లేడు వెనకవైపు అద్దంలా చదును కాకపోతే ముందు ఎంత నూరినా దండగ. ఆ సంగతి తెలిసేసరికి సగం రాయి అరిగింది.

మొదటి పలక అంచు ఒక పక్కకి వాలిపోయింది. రెండోది మధ్యలో పొట్ట వేసింది. మూడోదానికి ముందు వైపు మొదట నొక్కి, పోనుపోను వెనక్కి బరువు మార్చాలని నాన్న భుజాలు ఊగే తీరు గుర్తొచ్చింది. ఆరోజు రిబ్బను వచ్చింది. రెండు వేప పలకలు అతికి చేసిన పీట మీద ఇప్పుడు రోజూ నేనే కూర్చుంటున్నాను. వెలుతురు పరీక్షలో చిన్న గీత పడింది, నిజం చెబుతున్నా.

ఇంటర్నెట్లో వీటిని పోగేసేవాళ్ళున్నారు. ఏ ఏడాది పోతపోసిందో, పిడి ఏ చెక్కో, అన్నీ చెబుతారు. ఒక్కొక్కరి దగ్గర పదేసి. ఎన్ని తోశారంటే మాత్రం మాట మారుస్తారు. పట్టుచీరలు బీరువాలో మడతల మీద చిరిగేదాకా దాచుకునే మన జబ్బే అది. ఒకటి చాలు. అది పని చెయ్యాలి.

అన్నయ్య ఈ బ్లాగు చదవడు. వదిన చదువుతుంది. వదినా, నీ మీద కోపం లేదు, నువ్వు ప్రేమతోనే పెట్టావు. దసరాకి వస్తున్నాం. ఆ రెండు స్క్రూలు విప్పించి ఉంచు. బెజ్జాల్లో బిగించడానికి తుమ్మ చెక్కతో రెండు బిరడాలు చెక్కి ఉంచాను, వార్నిష్ గీకడానికి రేకు కూడా తెస్తాను. గోడ ఖాళీగా కనిపిస్తుందంటే నాన్న ఫొటో ఒకటి కట్టించి పంపుతాను, ఫ్రేము నేనే చేస్తాను.