సంచిలో తుపాకీ ఎవరిని కాపాడుతుంది?

గత నెలలో ఒక సాయంత్రం మా పత్రికాఫీసుకు ఒక మిత్రుడు వచ్చాడు. ప్రభుత్వోద్యోగి. ధర్నా శిబిరాల్లో మాతోపాటు చాప మీద కూచున్నవాడు. ఇప్పుడు భూముల ఫైళ్లు చూసే సీటులో ఉన్నాడు. ఒకరి పొలాన్ని ఇంకొకరి పేరుకు ఎక్కించమని ఆయన మీద కొంతకాలంగా ఒత్తిడి ఉంది. రాత్రిపూట ఫోన్లు వస్తున్నాయి. ఇంటి ముందు తెలియని బండ్లు ఆగి పోతున్నాయి. టీ తాగి, చాలాసేపు ఊరకుండి, చివరకు నోరు తెరిచాడు. “అన్నా, ఒకటి అడగల్ల. బ్యాగులో చిన్నది ఒకటి పెట్టుకుని ఆఫీసుకు పోతే ఏమైతాది? ఎవురికీ చూపీను. ఎవుర్నీ బెదిరీను. నా పానం కోసరమే. అదీ తప్పేనా?”

ఉందని ఆయన చెప్పలేదు. లేదనీ చెప్పలేదు. మేమూ గుచ్చి అడగలేదు. ఆ రోజు ఆయన భుజం తట్టి పంపించాం తప్ప సూటిగా జవాబు చెప్పలేకపోయాం. ఈ కరువు నేల మీద ఆ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. అందుకే ఆ రోజు ఎగ్గొట్టిన జవాబును ఈ వారం ఇక్కడ రాస్తున్నాం.

తప్పే. అనుమానానికి తావే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, వెంట తీసుకుపోకూడదు. బయటికి కనిపించినా, సంచిలో దాచినా ఒకటే. ఇల్లయినా, అంగడయినా, ఆఫీసయినా, కారయినా ఒకటే. నా అంగడి, నా గల్లాపెట్టె, నా ఇష్టం అనే మినహాయింపు మన చట్టంలో లేదు. శిక్ష ఒకప్పుడు ఏడాది నుంచి మూడేళ్లు. 2019 సవరణ దాన్ని పెంచింది. ఇప్పుడు రెండేళ్లకు తగ్గకుండా అయిదేళ్ల దాకా జైలు, దానిపైన జరిమానా. ప్రత్యేక కారణాలు రాసి న్యాయమూర్తి తగ్గిస్తే తప్ప ఆ రెండేళ్లు తప్పవు. నిషేధించిన రకం తుపాకీ అయితే ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్లు. పేల్చితే ఆ నేరం వేరు.

ఉద్యోగి కథ జైలుతోనే ముగియదు. అరెస్టయి నలభై ఎనిమిది గంటలు దాటి కస్టడీలో ఉంటే సర్వీసు నిబంధనల ప్రకారం సస్పెండయినట్టే. శిక్ష పడితే, రాజ్యాంగం 311వ అధికరణ కింద, వేరే విచారణ లేకుండానే ఉద్యోగం నుంచి తీసేయవచ్చు. పానం కోసరమని పెట్టుకున్న వస్తువు ఇంటిల్లిపాది కూటికే ఎసరు పెడుతుంది.

పక్క సీటు వాళ్లూ వినాలి. పలువురు కలిసి వాడుకునే గదిలోనో, వాహనంలోనో అక్రమ ఆయుధం దొరికితే, అది అక్కడ ఉందని తెలిసి ఊరకున్నారని నమ్మడానికి కారణమున్న ప్రతి ఒక్కరినీ 35వ సెక్షన్ ముద్దాయిగా చూస్తుంది. నేరం సంగతి తెలిసినవాళ్లు, సరైన కారణం చూపలేకపోతే, దగ్గరి పోలీసు స్టేషనులోనో, మెజిస్ట్రేటుకో తెలపాలని 36వ సెక్షన్ చెబుతుంది. ఆ సాయంత్రం మేము గుచ్చి అడగకపోవడానికి ఇదీ ఒక కారణమని ఒప్పుకుంటున్నాం. అది మా గొప్పతనం కాదు.

మరి ఆత్మరక్షణ హక్కు లేదా అంటారు. ఉంది. పాత శిక్షాస్మృతిలో ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు చెప్పేవి దాని గురించే. మీదికొచ్చిన వాడిని అవసరమైన మేరకు ఎదుర్కోవచ్చు. అయితే ఆ హక్కు దాడి జరుగుతున్న క్షణానిది. రేపు ఎవడో వస్తాడేమోనని లైసెన్సు లేని తుపాకీని రోజూ సంచిలో మోయడానికి అది అనుమతి కాదు.

అమెరికాలో పెట్టుకోవచ్చు కదా అనే విద్యార్థులకు ఒక మాట. అక్కడ చాలా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకీ వెంట ఉంచుకోవచ్చన్నది నిజమే. 2022 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఇంటి బయట కూడా ఆయుధం ధరించే హక్కుందని తీర్పిచ్చింది. కానీ చదువు వీసా మీదో, ఉద్యోగం వీసా మీదో పోయిన మన పిల్లలకు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. పెట్రోలు బంకులోనో, అంగడిలోనో రాత్రి డ్యూటీ చేసే పిల్లోడు భయపడి తోటివాడి తుపాకీ తీసుకున్నా చిక్కుల్లో పడతాడు. అక్కడ చదివే బిడ్డలున్న తల్లిదండ్రులు ఈ మాట ఫోన్లో చెప్పండి.

ఈ లైసెన్సు చట్టం తెల్లోళ్లు పెట్టిన సంకెల కదా అని వాదించేవాళ్లూ ఉన్నారు. అందులో సగం నిజం. లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది. ఆ వివక్ష మీద జాతీయోద్యమం పోరాడింది. కానీ స్వతంత్ర భారత రాజ్యాంగాన్ని రాసినవాళ్లు ఆయుధాన్ని ప్రాథమిక హక్కుగా రాయలేదు. 2023 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లో లైసెన్సు లేని తుపాకుల వాడకాన్ని తానే పట్టించుకున్న సుప్రీంకోర్టు, ఈ తేడానే గుర్తుచేసింది.

ఇంతవరకూ చెప్పింది చట్టం. ఇక మన నేల సంగతి.

తుపాకీ మనిషిని కాపాడేదే అయితే అనంతపురం ఈపాటికి దేశంలోకెల్లా క్షేమమైన ఊరై ఉండాలి. 2005 జనవరి 24న ఎమ్మెల్యే పరిటాల రవీంద్రను ఇదే ఊళ్లో, సొంత పార్టీ ఆఫీసు ఆవరణలో, పట్టపగలు కాల్చి చంపారు. ఆయన వెంట గన్‌మన్లున్నారు. పార్టీ ఆఫీసు కూడా ఒక పనిచోటే. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెర్వు సూరిని 2011 జనవరి 3న హైదరాబాదులో కారులోనే కాల్చారు. కాల్చింది ఎదుటి వర్గం కాదు. కారులో వెంట ఉన్న సొంత అనుచరుడు భానుకిరణ్. 2018 డిసెంబరులో కోర్టు అతడికి యావజ్జీవ శిక్ష వేసింది. ఎవరి పక్షం న్యాయమైనదన్న తగవు మాకిక్కడ అక్కర్లేదు. చుట్టూ ఆయుధాలున్న మనుషులే ఆయుధానికి బలయ్యారు. తూటాకు ఎదుటి వర్గం, సొంత వర్గం అన్న తేడా తెలియదు.

ఈ రక్తాన్ని సినిమావాళ్లు సొమ్ము చేసుకున్నారు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడినప్పటి నుంచి సీమ అంటే బాంబులు, సుమోలు, వేటకొడవళ్లే అని లోకానికి పాఠం చెప్పారు. వానకు ముఖం వాచిన రైతు, బెంగళూరు రైలెక్కే కూలీ వాళ్ల కెమెరాకు కనిపించలేదు. ఆ బొమ్మ తప్పని ఇన్నేళ్లుగా వాదిస్తున్న మనమే సంచిలో తుపాకీ పెట్టుకుంటే, వాళ్ల బొమ్మకు మనమే సంతకం చేసినట్టు.

అయినా మా మిత్రుడి భయం కల్పితం కాదు. 2019 నవంబరు 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె గదిలోనే పెట్రోలు పోసి కాల్చేశారు. కాపాడబోయిన డ్రైవరూ పోయాడు. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు భూముల తగవులో ఫారెస్టు రేంజి ఆఫీసరు శ్రీనివాసరావును నరికి చంపారు. ఆ తర్వాత తమకు ఆయుధాలివ్వాలని అటవీ సిబ్బంది అడిగారు. వాళ్లు అడిగింది ప్రభుత్వాన్ని, బహిరంగంగా. సంచిలో దొంగతనంగా పెట్టుకుంటామనలేదు. ఆ తేడా చిన్నది కాదు.

ఆ క్షణంలో విజయారెడ్డి సొరుగులో తుపాకీ ఉంటే బతికేదేమో అని ఎవరైనా అంటే, కాదని గట్టిగా చెప్పలేం. కానీ ప్రతి సొరుగులో తుపాకీ ఉన్న ఆఫీసును ఒకసారి ఊహించండి. పంట నష్టం డబ్బు పడలేదని, పాసుపుస్తకంలో పేరు తప్పు పడిందని నాలుగోసారి తిరిగిన శెనక్కాయ రైతు కడుపు మండి గొంతు పెంచుతాడు. బల్ల అవతల కూచున్నవాడి చెయ్యి సొరుగు వైపు పోతుంది. అప్పుడు చచ్చేది ఎవరు? ఫోన్లు చేసి బెదిరించే పెద్దమనిషి ఆ వరసలో నిలబడడు. నిలబడేది మన నాయనే.

అందుకే మా వాదన తుపాకీ కావాలని కాదు, చట్టం అందరికీ ఒక్కటిగా కావాలని. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ చెబుతుంది. మన జిల్లాలో లైసెన్సు ఎవరి నడుముకుందో ఊరి చావిడిలో అడిగితే చెబుతారు. మండలాల వారీగా ఎన్ని లైసెన్సులున్నాయో, ఆ ఉన్నవాళ్లలో ఎందరి మీద కేసులున్నాయో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కలెక్టర్లు లెక్క బయటపెట్టాలి. ప్రజల భద్రతకు ముప్పయినప్పుడు లైసెన్సు రద్దు చేసే అధికారం 17వ సెక్షన్ వాళ్లకిచ్చింది. ఎన్నికలప్పుడు తుపాకులు స్టేషన్లలో డిపాజిట్ చేయించుకోవడం తెలిసిన యంత్రాంగానికి మిగతా రోజుల్లో ఆ సెక్షన్ ఎందుకు గుర్తు రాదు? లైసెన్సు ఉన్నా జాతరకో, సభకో, కాలేజీ ఆవరణలోకో ప్రత్యేక అనుమతి లేకుండా తుపాకీ తేరాదన్న షరతు ఎందుకు అమలు కాదు?

ఉద్యోగ సంఘాలకూ ఒక మాట. బెదిరింపు వచ్చిన ఉద్యోగిని ఒంటరిగా వదిలేసినప్పుడే వాడికి తుపాకీ గుర్తొస్తుంది. ప్రభుత్వోద్యోగిని హాని చేస్తామని బెదిరించడం న్యాయ సంహిత 224వ సెక్షన్ కింద, విధులకు అడ్డుపడుతూ చెయ్యి చేసుకోవడం 132వ సెక్షన్ కింద నేరాలు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. బాధితుడి చేత కాదు, పై అధికారి చేత ఇప్పించాలి. స్టేషనులో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపే దారి కొత్త చట్టంలోనూ ఉంది. ఆ రోజు పది మంది ఉద్యోగులు స్టేషను మెట్ల మీద కూచుంటే, పది తుపాకులకు లేని బలం ఉంటుంది.

ఈ మాట ఉద్యమకారులుగా మాకు మేమే చెప్పుకోవాలి. రోడ్డు మీద కూచునే హక్కు మనకు ఏ నాయకుడూ ఇవ్వలేదు. రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చింది. అందులో రాసింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు. ఆ షరతు పోయిన రోజు హక్కూ పోతుంది. శిబిరంలో ఒక్క సంచిలో ఒక్క తుపాకీ దొరికితే చాలు, వెయ్యి మంది గొంతును అణచడానికి పాలకులకు ఇంకే సాకూ అక్కర్లేదు.

మా మిత్రుడికి చివరి మాట. నీ దగ్గర అది లేకపోతే తెచ్చుకోవద్దు. ఉంటే ఇంకొక్క రోజు కూడా మోయొద్దు. దాన్ని బావిలో పారేయడం, ఇంకొకరి చేతిలో పెట్టడం కొత్త తప్పులు. ముందు వకీలును కలువు. ఆయన్ను వెంట పెట్టుకుని పోయి చట్టం చేతికి అప్పగించు. అప్పగిస్తే కేసు ఉండదని మేము అబద్ధపు హామీ ఇవ్వం, చట్టమూ ఇవ్వదు. కానీ నువ్వుగా పోవడానికీ, సోదాలో పట్టుబడటానికీ కోర్టు ముందు చాలా తేడా ఉంటుంది.

నువ్వు పోయే రోజు మాకు ఫోను చెయ్యి. ఆ సాయంత్రం మాటలు రాక నీ భుజం తట్టి పంపించాం. ఈసారి నీ వెంట నడుస్తాం.