తొలిపాట యెన్నిక

వార్షికోత్సవము సమీపించుచున్నదనగానే మన విద్యార్థులలో కొందఱికి గిటారులు జ్ఞప్తికి వచ్చును. నలుగురైదుగురు ఒకచోట చేరి "మేము బ్యాండు కట్టితిమి" అని చెప్పుకొందురు. దుబ్బాకలో బ్యాండనగా పెద్దలకు పెండ్లి యూరేగింపులోని మేళమే స్ఫురించును. పిల్లలు చెప్పునది వేఱు. గిటారులు, బేసు గిటారు, డ్రమ్ములు, ఒక గాత్రము, ఇంతే వారి బ్యాండు. వీరిలో కొందఱు నరుటో మున్నగు జపాను బొమ్మల కథలను చూచి, వానియందలి రాక్ పాటలనే వేదికపై వాయింతుమని పట్టుపట్టుచున్నారు. ఈ యుత్సాహము మంచిదే. కాని తొలిపాటగా దేని నెన్నుకొనవలెనను విషయమున నాకొక నిశ్చితాభిప్రాయము కలదు. దానిని విద్యార్థుల యెదుటను, తలిదండ్రుల యెదుటను ఉంచుచున్నాను.

తొలిపాటను బృందములోని మిక్కిలి నేర్పరినిబట్టి యెన్నుకొనరాదు. మిక్కిలి వెనుకబడినవానినిబట్టి యెన్నుకొనవలెను. వాడు తుదివఱకు తడబడక వాయింపగల పాటయే ఆ బృందమునకు తగిన పాట.

ఈ మాట నే ననుభవముమీద చెప్పుచున్నాను. నా చిన్ననాట, వేఱొక యూర, మేము నలుగురము మిక్కిలి వేగముగల యొక పాటను పట్టుకొని వేదిక యెక్కితిమి. సగము పాట యగునప్పటికి డ్రమ్ముల దెబ్బ తప్పెను. గిటారు ముందునకు పరుగెత్తెను. గాయకుడు నోరు మూసికొనెను. సభలో నవ్వులు వినబడెను. మఱునాడు డ్రమ్ములు వాయించిన మిత్రుడు తన కఱ్ఱలను నా చేతిలో పెట్టి "ఇక నావలన కాదు" అనెను. పిమ్మట వానిని అతడు ముట్టగా నేను చూడలేదు. ఆ పాట నెన్నుకొన్నది అతడు కాదు. గిటారు తనకు బాగుగా వచ్చునని గర్వించిన నేను.

దుబ్బాక చేనేతగాండ్ర యూరు గనుక ఈ సంగతి మనకు సులభముగా బోధపడవలెను. మగ్గముమీద నేతగాని పాదము పలకను త్రొక్కుచుండగా చేయి నాడెను నడపును. రెంటికిని పొందిక తప్పినచో నేత చెడును. డ్రమ్ములవాని పనియు నిట్టిదే. పాదముతో పెద్ద డ్రమ్మును, ఒకచేత చిన్న డ్రమ్మును, వేఱొకచేత ఇత్తడి తాళములను ఒకే లెక్కకు కూర్పవలెను. సిద్దిపేట గొల్లభామ చీరెలు ప్రసిద్ధములే. అయినను నేత నేర్వవచ్చిన పిల్లవానిచేత మొదటిదినముననే గొల్లభామ బొమ్మను నేయింపరు గదా! సాదానేతకు చేయి కుదిరినపిమ్మటనే బొమ్మకు పోవుదురు.

మన పాటలుండగా పరదేశపు పాటలేల యని తలిదండ్రు లడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. 2022 అక్టోబరులో మన "ఆర్.ఆర్.ఆర్." చిత్రము జపానులో విడుదలయి విశేషాదరణ పొందినది. 2024 జనవరిలో అచ్చటి తకరజుక నాటకసంస్థవారు ఆ కథను రంగస్థలముపై ప్రదర్శించిరి. వారు మన కథను నేర్చుకొనగా మనము వారి పాటను నేర్చుకొనుట తప్పు గాదు. మఱియు జపాను భాష తెలుగు నోటికి అనుకూలమైనది. దానికి అ, ఇ, ఉ, ఎ, ఒ అను నైదే అచ్చులు. పదములు అచ్చుతోగాని, సున్నవంటి యనునాసికముతోగాని ముగియును. హ్రస్వదీర్ఘములకును ద్విత్వమునకును అందు భేదము కలదు. ఆ భేదము మనకు పుట్టుకతో వచ్చినదే. పాటను తెలుగు లిపిలో వ్రాసికొని, దీర్ఘములను తప్పక పలికినచో చాలవఱకు సరిపోవును.

ఇక పాటల సంగతి. మొదట చెప్పదగినది "ది బ్లూ హార్ట్స్" అను బృందమువారి "లిండా లిండా". ఇది 1987లో వెలువడినది. ఆరంభమున గాత్రమును గిటారును మెల్లగా నడచును. పిమ్మట అందఱు నొక్కసారిగా వేగ మందుకొందురు. గిటారు కార్డులు కొలదివే. పల్లవిలో పాట పేరే మరల మరల వచ్చును. బతుకమ్మ యాటలో ఒకరు పాడగా తక్కినవారు చిన్నమాట నందుకొనునట్లు, సభలోనివారును రెండవమాఱే దీని నందుకొనగలరు. 2005లో నొబుహిరో యమషిత దర్శకత్వమున "లిండా లిండా లిండా" అను చలనచిత్రము వచ్చినది. పాఠశాల యుత్సవమునకు కొద్ది దినములే మిగిలియుండగా నలుగురు బాలికలు ఈ బృందపు పాటలను నేర్చి వాయించుట యందలి కథ. వారిలో గాయని కొరియానుండి వచ్చిన విద్యార్థిని. మనకువలె నామెకును జపాను భాష పరభాషయే.

రెండవది ఒకినావా వారగు "మొంగోల్ 800" బృందమువారు 2001లో వెలువరించిన "చీసన కొయి నొ ఉత". చిన్న ప్రేమగీతమని దాని పేరున కర్థము. పేరు విని తలిదండ్రులు కలవరపడ నక్కఱలేదు. ఆ పాట వెలువడిననాడు ఆ బృందమున నుండినది ముగ్గురే. కావున మనుష్యులు చాలని మన బృందముల కది చక్కగా నమరును. మూడవది "స్పిట్జ్" బృందమువారి "చెరీ", 1996 నాటిది. ఇది మధ్యమగతిని నడచును. అఱచి పాడుట యిష్టములేనివారికి తగినది. అయితే మూలగాయకునిది హెచ్చుస్థాయి గొంతు గనుక మనవారు శ్రుతిని తగ్గించుకొనవలెను.

మఱి మన బాలురు మిక్కుటముగా కోరు పాటలో? నరుటో కథద్వారా ప్రసిద్ధికెక్కిన "హరుక కనత" అను పాట "ఏషియన్ కుంగ్‌ఫూ జనరేషన్" బృందమువారిది. దాని వేగమును నిలుపుకొనుట క్రొత్తవారికి కష్టము. "ఎక్స్" అను బృందము, పిమ్మట "ఎక్స్ జపాన్" అని పేరు మార్చుకొన్నవారు, 1989లో వెలువరించిన "కురెనై" యింకను కఠినము. అందు డ్రమ్ములవాని కాళ్లకు విశ్రాంతి లేదు. గాయకుని గొంతు అత్యున్నతస్థాయి నందుకొనవలెను. ఇవి మంచి పాటలు కావని నే ననను. ఇవి రెండవయేటి పాటలు, మూడవయేటి పాటలు.

పాట కుదిరినపిమ్మట సాధనను గూర్చి రెండు మాటలు. గాయకుని గొంతునకు శ్రుతిని సరిచేయుడు. మూలములోని శ్రుతికి గొంతును బలిచేయకుడు. మొదట సగము వేగముతో వాయించి, తప్పు లేనప్పుడే వేగమును కొంచెము పెంచుడు. ఆరంభమును, ముగింపును తక్కిన భాగములకంటె నెక్కువమాఱులు సాధింపుడు. ఏలయన సభికులకు చిరకాలము జ్ఞాపకముండునవి ఆ రెండే. ఎవడైన తప్పినచో నాగకుడు. అందఱును డ్రమ్ములవైపు చెవి యొగ్గి, మరల కలిసికొనుడు. పాడువాని మాట వినబడనిచో మైకును పెంచుటకు ముందు గిటారులను తగ్గింపుడు.

ఎవరికిని తెలియని భాష గనుక తప్పు పలికినను చెల్లునని కొందఱు తలంతురు. ఇది నీచమైన తలంపు. పాడువాడు ప్రతిపదమున కర్థ మెఱుగవలెను. పాటకు ముందు దాని భావమును రెండు తెలుగు వాక్యములలో సభకు చెప్పవలెను. "లిండా లిండా" లో మురికి యెలుకయందును ఛాయాపటమునకు చిక్కని యందమున్నదను భావము కలదు. ఇది తెలిసి విన్న తల్లికి ఆ పాట వట్టి చప్పుడుగా తోచదు.

సులభమైన పాట నెన్నుకొనుట పిరికితనమని తలంపకుడు. ఉత్సవము ఒక్క రాత్రితో ముగియును. మఱునాడు ఆ నలుగురును మరల కూడుదురా లేదా యనునదే ముఖ్యము. కావున పిల్లలారా, పాటను నిశ్చయించుటకు ముందు మీలో వెనుకబడినవానిని ప్రక్కకు పిలిచి, "నీవు దీనిని తుదివఱకు వాయింపగలవా?" యని యడుగుడు. వాడు తల వంచుకొన్నచో ఆ పాటను వచ్చు సంవత్సరమునకు దాచి, వేఱొకదానిని వెదకుడు. నా మిత్రుని నేను అట్లడిగియుండవలసినది.