అటకెక్కితేనే కొత్త బొమ్మ!

కార్తీకమాసంలో కురుమూర్తి జాతరకు వెళ్లొచ్చిన ఇంట్లో చిన్నపిల్లలుంటే చాలు... సంచినిండా బొమ్మలే. డప్పు, పీపీ, తాడు కట్టి లాగే బండి, కీ ఇస్తే గంతులేసే కోతి. కొత్తకోట లాంటి ఊళ్లలో తాతలూ మేనమామలూ పోటీపడి మరీ కొనిపెడతారు. రెండేళ్ల బుడతడు మొదటిరోజు వాటిని వదిలిపెట్టడు. మూడోరోజుకి అన్నీ నేలమీద పరిచేసి, ఒక్కటీ ముట్టకుండా, వంట చేస్తున్న అమ్మ కొంగు పట్టుకుని వేలాడతాడు. పొయ్యి మీద కూర మాడుతుంటుంది. ఇక ఆమె మాత్రం ఏం చేస్తుంది? వాడి చేతికి సెల్‌ఫోన్ ఇచ్చేస్తుంది.

'ఇన్ని బొమ్మలున్నా ఆడుకోడేం?' అని విసుక్కుంటాం. ఇన్ని ఉండబట్టే ఆడుకోవడం లేదేమో... ఒక్కసారి ఆలోచించండి.

అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ విషయాన్నే పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసున్న 36 మంది పిల్లల్ని ఒక్కొక్కరిగా ఓసారి 4 బొమ్మలతో, మరోసారి 16 బొమ్మలతో ఆడుకోనిచ్చారు. 16 ఉన్నప్పుడు ఒకటి పట్టుకోవడం, పడేయడం, మరోదానికి పరుగెత్తడం. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు గడిపారు, దాన్ని రకరకాలుగా వాడారు కూడా. ఇది చిన్న పరిశోధనే. అయినా మన ఇళ్లలో రోజూ కనిపించేదీ ఇదేగా!

అలాగని ఉన్న బొమ్మలు పారేయక్కర్లేదు. వంతులవారీగా తీస్తే సరి.

ముందు బొమ్మలన్నీ ఒకచోట పోయండి. విరిగినవీ, అంచులు కోసుకునేవీ తీసేయండి. మిగిలినవాటిని మూడు నాలుగు సంచుల్లో సర్దండి. ప్రతి సంచిలోనూ తలా ఒకటి ఉండాలి... లాగేదో తోసేదో ఒక బండి, పేర్చుకునే చెక్కముక్కలు, ఉత్తుత్తి వంటకి రెండు గిన్నెలూ గరిటె, ఒక బొమ్మల పుస్తకం. ఒక్క సంచి మాత్రం బయట ఉంచి, మిగతావి అటకెక్కించండి. పైకి కనిపించిందంటే అదే కావాలని మారాం చేస్తారు మరి!

వారానికా, పది రోజులకా మార్చడం? లెక్కేం లేదు. ఆట మీద మోజు తగ్గినప్పుడు మార్చండి. ఆడుతుండగా లాక్కోవద్దు, రాత్రి నిద్రపోయాక మార్చండి. పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ ఉంటే దాని జోలికి అసలు వెళ్లొద్దు. అది ఆటవస్తువు కాదు, వాడి ధైర్యం.

ఈ పద్ధతిలో అసలు చిక్కు ఎక్కడంటే... కొనిచ్చిన పెద్దవాళ్ల దగ్గర. "గింత మంచి బొమ్మలు మూటగట్టి పెట్టుడేంది? పోరడు ఆడుకోకుంటే ఎవరికి?" అని నాయనమ్మ నొచ్చుకుంటుంది. "పారెయ్యలే అత్తమ్మా, వచ్చేవారం మీ చేతులతోనే ఇద్దురు" అని చెప్పి చూడండి. సంచి దించే పని ఆవిడకే అప్పగిస్తే కోపం ఎటుపోతుందో!

బొమ్మలు తగ్గించగానే పిల్లాడు గంటసేపు ఒంటరిగా ఆడతాడనుకోవద్దు. ఈ వయసులో ఐదు నిమిషాలు తనంతట తాను ఆడుకున్నా మంచి మొదలే. మొదట పక్కన కూర్చోండి. ఆటలో పడ్డాక మెల్లగా జరిగి మీ పని చూసుకోండి. గిన్నెమీద మూత తిప్పి తిప్పి పెడుతుంటే 'అలాక్కాదు నాన్నా' అని అందుకోవద్దు. తప్పు పెట్టి, మళ్లీ తీసి, తనే కుదుర్చుకోవడంలోనే ఉంది చదువంతా.

తనంతట తాను ఆడుకోవడమంటే ఒంటరిగా వదిలేయడం కాదు. ఎప్పుడూ మీ కంటికి ఆనుతూ ఉండాలి. గోళీలు, చింతగింజలు, బొత్తాంలాంటి చిన్న బ్యాటరీలు, పగిలిన బుడగ ముక్కలు అందకూడదు. నీళ్ల బకెట్టు దగ్గర్లో ఉండకూడదు.

ఇక సెల్‌ఫోన్ సంగతి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. తల్లి చేతిలో పని ఉన్నప్పుడు ఈ మాట పాటించడం కష్టమే. ఆ పది నిమిషాలకి అటకమీది సంచి అక్కరకొస్తుంది.

బొమ్మలు తక్కువున్న ఇళ్లకీ ఇబ్బంది లేదు. చాట, జల్లెడ, స్టీలు డబ్బాలు, కొబ్బరిచిప్పలు వంతులవారీగా ఇవ్వండి. వీధిలో రెండు మూడు ఇళ్లవాళ్లు కలిసి బొమ్మలు మార్చుకున్నా పైసా ఖర్చుండదు.

ఈసారి జాతరలో బొమ్మ ఒక్కటే కొనండి. మిగిలిన డబ్బులతో రంగులరాట్నం ఎక్కించండి!